పాలిష్ ఆరకముందు ముహూర్తం

ముప్పై ఆరేళ్లు గోడలకి రంగులు, తలుపులకి పాలిష్ వేసి బతికాను. ఇప్పుడు కుడి భుజం తల దాటి పైకి లేవడం లేదు, అందుకని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకి నాలుగు మాటలు రాసిపెట్టమని మా పెయింటర్లలో ఒకరిద్దరు అడిగారు. ఏ రంగు ఎన్ని లీటర్లు పడుతుంది, ఎంత నీళ్లు కలపాలి అన్నది డబ్బా మీదే రాసుంటుంది. అది నన్ను అడగొద్దు. డబ్బా మీద రాయనివి రెండు మూడున్నాయి, అవి చెబుతాను.

ముందే ఒక సంగతి. నాకు భయం ఎక్కువ. మీరు పుట్టగానే ఏడ్చుండరు, కంగారుపడి ఉంటారు అంటుంది మా ఆవిడ. తాళం వేసి నాలుగు అడుగులు నడిచి మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసే రకాన్ని. ధైర్యవంతుల కథలు కావాలంటే ఇంకెవరినైనా అడగండి, మా వీధిలోనే పదిమంది ఉన్నారు.

తడి గోడ

మన గుంటూరు, ప్రకాశం వైపు ఒక పద్ధతి ఉంది. ఇల్లు పూర్తయ్యాక ముహూర్తం పెట్టుకోరు. ముహూర్తం పెట్టుకుని, దానికి ఇల్లు పూర్తి చేయమంటారు. తాపీమేస్త్రి పది రోజులు ఆలస్యం చేస్తాడు, వడ్రంగి ఇంకో పది రోజులు తింటాడు, కరెంటు వాళ్లు ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు. ఇంతమంది తినేసిన రోజులన్నీ చివరికి పెయింటర్ నెత్తిన పడతాయి. మూడు వారాల పని ఆరు రోజుల్లో చేయమంటారు. ఎందుకంటే మనమే ఆఖరు.

నేను పని నేర్చుకున్నది గుంటూరులో కోటయ్య అనే పెద్దమేస్త్రి దగ్గర. ఆయన చేతి పని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆయన లప్పం పట్టిన గోడ మీద అరచెయ్యి పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకి లాగితే ఎక్కడా ఆగేది కాదు. బల్బు తీసుకొచ్చి గోడకి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు వేసి చూసేవాడు. ఎక్కడన్నా రవ్వంత ఎత్తు కనిపిస్తే మళ్లీ ఉప్పు కాగితం పట్టించేవాడు. ఆ విద్య నాకు అన్నం పెట్టింది, ఆయనకి దణ్ణం.

కానీ ఆయన నోట్లో ఒక మాట ఉండేది. "ఏం కాదులే." గోడ ఇంకా తడిగా ఉంది మేస్త్రీ అంటే ఏం కాదులే. నిచ్చెన కాలు ఊగుతోంది అంటే ఏం కాదులే. గుంటూరులో ఒక డాక్టరు గారింట్లో ప్లాస్టరింగ్ చేసి నెల కాకముందే లప్పం పట్టించాడు. ముహూర్తం ముంచుకొచ్చింది మరి. ముందు రోజు సాయంత్రం నేను ఒక ప్లాస్టిక్ కాగితం గోడకి నాలుగు వైపులా టేపేసి అంటించి, పొద్దున్నే తీసి చూశాను. లోపలి వైపంతా చెమట పట్టి ఉంది. తీసుకెళ్లి చూపిస్తే ఆయన దాంతోనే చెయ్యి తుడుచుకున్నాడు. వానాకాలం వచ్చేసరికి ఆ హాలు గోడలు అప్పడాల్లా పొంగాయి. డాక్టరు గారు పిలిచి నాకు చివాట్లు పెట్టారు. కోటయ్య మేస్త్రి ఫోనెత్తలేదు.

గోడ పొంగితే మళ్లీ గీకి వేసుకోవచ్చు. ఇది చెప్పడం ఎందుకంటే, మళ్లీ గీకి వేసుకోలేని తప్పులు కూడా మన పనిలో ఉన్నాయి.

బాజీ కాళ్లు

తాడేపల్లిలో ఒక అపార్టుమెంటు. ఇంటివాళ్లు కాపురం ఉంటూనే బెడ్‌రూములో కొత్త కబోర్డులు పెట్టించుకున్నారు. నేను, బాజీ అని నా జతగాడు, పాలిష్ పని. కోటయ్య మేస్త్రి ఒప్పుకున్న పనే. మెలమైన్ పాలిష్ ఆరేలోపు దుమ్ము పడితే గరగరలాడుతుంది, అందుకని కిటికీలు మూసేసి చేస్తాం. అందరూ అలాగే చేస్తారు. అది తప్పని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు.

పాలిష్‌లో కలిపే థిన్నర్ ఆవిరి గాలి కన్నా బరువు. అది పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది, తలుపు కింద సందులోంచి పక్క గదిలోకి పోతుంది. పక్క గదిలో ఆ ఇంటావిడ దేవుడి పీట ముందు దీపం పెట్టి వంటింట్లోకి వెళ్లారు. భప్ మని ఒక చప్పుడు అయింది. నీలం రంగు మంట తలుపు కిందనుంచి నేల మీద పాకుతూ వచ్చింది. నేను స్టూలు మీద ఉన్నాను, బాజీ నేల మీద గొంతుక్కూర్చుని కింది పలక తుడుస్తున్నాడు. రెండు క్షణాలు కూడా పట్టలేదు, మంట దానంతట అదే ఆరిపోయింది. గదిలో ఏమీ కాలలేదు. బాజీ మోకాళ్ల కింద నుంచి పాదాల దాకా కాలిపోయాడు.

ఆస్పత్రిలో నెలా పదిహేను రోజులున్నాడు. బతికాడు. మళ్లీ బ్రష్ పట్టుకోలేదు. కోటయ్య మేస్త్రి వచ్చి మంచం పక్కన కూర్చుని, ఏం కాదులే, తగ్గిపోతుంది అన్నాడు. ఆ రోజుతో నేను ఆయన దగ్గర మానేశాను. అప్పట్నుంచీ దీపం ఎక్కడ కనిపించినా ముందు నేల వైపు చూడటం నాకు అలవాటైంది.

ముక్కు చచ్చిపోతుంది

ఈ సంగతి ఏ మేస్త్రీ చెప్పడు, సిగ్గు. పదిహేనేళ్లు థిన్నర్‌లో ఉంటే ముక్కు చచ్చిపోతుంది. మా ఇంట్లో చేపల పులుసు కాగుతుంటే మా ఆవిడ చెబితేనే నాకు తెలిసేది. గదిలో థిన్నర్ వాసన పోయిందో లేదో పెయింటర్‌ని అడగడం అంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. వాడు నిజాయితీగానే పోయిందంటాడు. వాడికి ఎప్పుడో పోయింది. నేనైతే బయటివాళ్లని ఎవరినో ఒకర్ని పిలిచి, కాస్త వాసన చూడండి అని అడిగేవాణ్ని. నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు.

ఎప్పుడూ అడిగేవాణ్నే, ఒక్క రోజు అడగలేదు.

మిరప కల్లం పక్కన ఇల్లు

అది అద్దంకి వైపు ఒక ఊళ్లో రైతు ఇల్లు. మిరప, పత్తి పండించే కుటుంబం. ఇంటాయన మాట కరుకే గాని మనిషి మంచివాడు. ఆయన భార్య మాతో పాటు నేల మీద కూర్చుని టీ తాగేది. ఇల్లంతా టేకు. దేవుడి గదికి రెండు రెక్కల తలుపు, దాని మీద చెక్కుడు పని. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి చెక్క మీద పాలిష్ వేయాలని ప్రతి పెయింటర్‌కీ ఉంటుంది. నా చేతిలో అదే ఆఖరి మంచి చెక్క అవుతుందని అప్పుడు తెలియదు.

ఒకటే చిక్కు. ఇంటికి నూరు గజాల్లో మిరప కల్లం. మాఘమాసం, కాయలు ఎండబెట్టి తిరగేస్తున్నారు, గాలి ఇటే. ఆ ఎర్ర దుమ్ము, కాయ పొట్టు, ఘాటు అన్నీ కలిసి వచ్చి తడి పాలిష్ మీద కూర్చుంటే తలుపుకి అమ్మోరు పోసినట్టే. కిటికీలన్నిటికీ పాత పేపర్లు పెట్టి టేపు వేశాను. వెంటిలేటర్లు కూడా వదల్లేదు. బాజీ గుర్తు రాలేదా అంటే, వచ్చాడు. ఈ ఇంట్లో ఇంకా ఎవరూ కాపురం లేరు, పొయ్యి లేదు, దీపం లేదు కదా అనుకున్నాను.

ముహూర్తం పొద్దున తొమ్మిదీ నలభైకి. ముందు రోజు సాయంత్రానికి నా పని అయిపోయింది. చుట్టం ఎవరో చూద్దామని తలుపు తీశారు, ఆ ఒక్క గాలికి దేవుడి గది తలుపు మీద ఎర్ర నలకలు పడ్డాయి. ఇంటాయన చూసి మొహం మాడ్చుకున్నాడు. రేపు అందరూ ముందు చూసేది దీన్నే కదా మేస్త్రీ అన్నాడు. ఆయన అనకపోయినా నేను వదిలేవాణ్ని కాదు. నా దరిద్రం అదే, నలక చూస్తే నాకు అన్నం దిగదు.

తెల్లవారగానే వెళ్లాను. సన్న కాగితంతో రుద్ది, తుడిచి, మళ్లీ ఒక కోటు కొట్టాను. ఏడు దాటింది. అద్దంలా వచ్చింది. పాలిష్ కొట్టే స్ప్రే గన్ను కడిగిన థిన్నర్ ట్రేలో ఉంది. ఆ ట్రేని, మూత తీసి ఉన్న డబ్బాని దేవుడి గదిలోనే ఒక మూల పెట్టి, వీధి తలుపులు మూసి, స్నానం చేసొచ్చి తీద్దామని బయటికొచ్చాను. పనివాళ్లందరికీ ఆ రోజు కొత్త బట్టలు పెడతారు, మురికి చొక్కాతో ఎలా నిలబడతాం?

బోరు దగ్గర స్నానం చేసి వచ్చేసరికి సింహద్వారం మూసేసి ఉంది. గడపకి పసుపు రాసి బొట్లు పెట్టారు, మామిడాకులు కట్టారు. ఇక ముహూర్తానికి గోవుని ముందు పెట్టుకుని ఇంటివాళ్లే లోపలికెళ్లాలి. అప్పటిదాకా ఎవరూ గడప దాటకూడదు. పెరటి తలుపుకి లోపల గడియ వేసింది నేనే.

నా సామాను ఒకటి లోపలుంది అని ఇంటాయనతో అన్నాను. తర్వాత తీసుకోవచ్చులే మేస్త్రీ అన్నాడు ఆయన, ఎవరికో కుర్చీ వేయిస్తూ. గట్టిగా చెప్పలేకపోయాను. పెళ్లిలాగా ఉంది అక్కడ. సన్నాయి వాళ్లు వచ్చేశారు, పిల్లలు పట్టులంగాలు కట్టుకుని తిరుగుతున్నారు. వరండాలో ఓ మూల నిలబడి నాకు నేనే చెప్పుకున్నాను. ఏం కాదులే, రెండు గంటల్లో ఆరిపోతుంది. ఏ మాట విని కోటయ్య మేస్త్రి దగ్గర మానేశానో, అదే మాట నా నోట్లోంచి వస్తోందని కూడా నాకు తట్టలేదు.

అయినా ట్రే ఎంత నిండుగా ఉంది, డబ్బాలో ఎంత మిగిలింది అని లెక్కలు వేస్తూనే ఉన్నాను. మూడు కిటికీలు, రెండు వెంటిలేటర్లు, ఒక్కదానికైనా టేపు ఊడి ఉంటుందా అనుకున్నాను. ఊడదు. వేసింది నేను.

గోవు

తొమ్మిదిన్నర దాటాక అందరూ గడప ముందుకొచ్చారు. ముందు గోవు, దూడ. వెనక ఇంటావిడ, చేతుల్లో పళ్లెం, పళ్లెంలో వెలుగుతున్న దీపం. ఆవిడ కొంగు పట్టుకుని కూతురి కూతురు, నాలుగేళ్ల పిల్ల. ఆవిడ పక్కన ఇంటాయన, దేవుడి పటంతో. సన్నాయి జోరందుకుంది. పురోహితుడు గారు చెయ్యెత్తారు, ఎవరో తలుపు రెక్కలు తోశారు.

గోవు గడప మీద మూతి పెట్టి ఆగిపోయింది. తోశారు, కదల్లేదు. ఫుర్రున చీది, తల విదిలించి వెనక్కి అడుగేసింది. సన్నాయికి బెదిరిందన్నారు ఎవరో. సన్నాయి ఆపించారు. మళ్లీ తోశారు. అది నాలుగు కాళ్లూ బిగబట్టింది. ఇంటాయన మొహం నల్లబడిపోయింది. గోవు ఇంట్లోకి రానంటే ఏ ఇంటివాడికి బాగుంటుంది?

నా ముక్కుకి ఏమీ తెలియడం లేదు. ఆ మూగజీవానికి తెలిసింది.

గోవుని పక్కకి లాగి, ముందు ఇంటావిడని దాటించేద్దాం, టైమైపోతోంది అన్నారు ఎవరో పెద్దాయన. ఆవిడ పళ్లెం గుండెల దగ్గర పట్టుకుని ఒక అడుగు ముందుకేసింది. గడపకి ఆవిడకి మధ్య రెండు మూరలు ఉంటుంది. నేను వరండాలోంచి ఎప్పుడు కదిలానో తెలియదు. చెప్పాలనే వెళ్లాను. ఆవిడ ఇంకో అడుగు ఎత్తింది. చెయ్యి చాచి రెండు వేళ్లతో ఆ వత్తిని నలిపేశాను.

దీపం ఆరిపోయింది.

సన్నాయి ముందే ఆగింది, ఇప్పుడు మనుషులు కూడా ఆగారు. గృహప్రవేశం నాడు, గడప ముందు, ముత్తైదువ చేతిలో దీపం. దాన్ని ఆరింది అని కూడా అనం మనం, కొండెక్కింది అంటాం. దాన్ని ఒక రంగులేసేవాడు వేళ్లతో ఆర్పాడు. ఇంటాయన నా చొక్కా పట్టుకున్నాడు. అప్పుడొచ్చింది నాకు మాట.

"లోపల థిన్నర్ ఉందండి. తప్పు నాదే. కిటికీలు తీసేదాకా నిప్పు తీసుకెళ్లొద్దండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

చొక్కా వదల్లేదు. పురోహితుడు గారు గడప దగ్గర వంగి లోపలికి చూసి దగ్గారు, కళ్లు తుడుచుకున్నారు. కాస్త గాలి ఆడనివ్వండి అని మాత్రం అన్నారు, అదీ మెల్లగా. ఆయనని తప్పు పట్టను. ఆయన బతుకూ ఆ ఊళ్లోనే కదా.

పసుపు గడప దాటి ముందు లోపలికెళ్లింది నేను. గోవు కాదు, ఇల్లాలు కాదు. టేపులు పీకాను, పేపర్లు చింపాను, పెరటి తలుపు తీశాను. దేవుడి గదిలో ట్రే చూస్తే సగం పైగా ఖాళీ. ఆ పోయిందంతా ఆ గాలిలోనే ఉంది. ఎంత పలచబడిందో, ఎంత మిగిలిందో నాకు తెలియదు. ట్రే, డబ్బా పెరట్లో దూరంగా పెట్టొచ్చేసరికి మిరప కల్లం గాలి ఇంట్లోకి విసురుగా కొడుతోంది. మూడు రోజులు నేను ఆపిన ఎర్ర దుమ్మంతా పది నిమిషాల్లో దేవుడి గది తలుపెక్కి కూర్చుంది.

తొమ్మిదీ నలభై ఎప్పుడో దాటిపోయింది. పదింపావుకి గోవు తనంతట తనే గడప దాటి వెళ్లింది. దీపం మళ్లీ వెలిగించారు, హోమం చేశారు, పాలు పొంగించారు. ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. అందరికీ బట్టలు పెట్టారు, తాపీమేస్త్రికి, వడ్రంగికి, కరెంటు వాళ్లకి. నన్ను ఎవరూ పిలవలేదు, నేను నిలబడలేదు.

తర్వాత

ఆ తర్వాతి పంటకి నల్ల తామరపురుగు పడింది. ఆ ఇంటాయన చేను ఒక్కటే కాదు, మన వైపు మిరప వేసినవాళ్లు చాలామంది మునిగారు. పూత పూతగానే రాలిపోయింది, దున్నేసినవాళ్లు ఉన్నారు. కానీ అందరికీ పురుగు పడితే, ఆయనకి మాత్రం ముహూర్తం తప్పింది. నేను దీపం ఆర్పాను కాబట్టే ఇల్లు అచ్చిరాలేదని ఊళ్లో అందరి ముందూ అన్నాడట. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో నాకు పేరు పెట్టారు, దీపం ఆర్పిన మేస్త్రి అని. ఒప్పుకున్న పని ఒకటి, గృహప్రవేశం అయ్యాక చూద్దాంలే మేస్త్రీ అన్నారు. పాలిష్ పని గృహప్రవేశం అయ్యాక ఏం చూస్తారు? అర్థమైంది. గుంటూరులో పాత ఇళ్లకి సున్నాలు, గేట్లకి రంగులు వేసుకుంటూ మిగతా రోజులు గడిపాను.

ఆయన మీద కోపం రాలేదా అంటే, రాలేదు. భయం వచ్చింది. నిజంగానే ఊరికే ఆర్పానేమో. రెండున్నర గంటలు అయింది కదా, తలుపు తీయగానే చాలావరకు పోయి ఉంటుందేమో. గోవు నిజంగా సన్నాయికే బెదిరిందేమో. బాజీ కాళ్లు చూసిన భయంతో ఒక ఇంటివాళ్ల శుభం చెడగొట్టానేమో. అన్నం ముందు కూర్చుని ఇవే ఆలోచనలు. ఆర్పకపోతే ఏమయ్యేదో మీకు తెలియదు, ఆర్పితే ఏమైందో ఊరందరికీ తెలిసింది, ఇక వదిలేయండి అనేది మా ఆవిడ. వదల్లేదు.

కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పేది ఇదే. తప్పు చేసింది దీపం దగ్గర కాదు, ట్రే దగ్గర. ట్రే బయట పెట్టి స్నానానికి వెళ్లుంటే ఈ కథే లేదు. సామాను లోపలుందని ఇంటాయనతో అన్నప్పుడు, థిన్నర్ అనే మాట నోటితో అనుంటే ఈ కథే లేదు. మొహమాటపడ్డాను. మొహమాటం ఉన్నవాళ్లు ఈ పనికి రావద్దు.

పోయిన ఏడాది అద్దంకి బస్టాండులో పొద్దున పదకొండు ప్రాంతంలో గుంటూరు బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే ఆ ఇంటావిడ. లేచి వెళ్లిపోదామని సంచి అందుకున్నాను. బాగున్నారా మేస్త్రి గారూ అంది. భుజం సంగతి చెప్పాను. మనవరాలు మూడో తరగతి అని చెప్పింది. పత్తి ఈసారి పర్వాలేదంది. చేతిసంచి ఒళ్లోకి లాక్కుని అడిగింది.

"నిజం చెప్పండి. ఆ రోజు నేను దీపంతో లోపలికెళ్తే అంటుకునేదేనా?"

ఇన్నేళ్లు నన్ను నేను అడుక్కున్న మాటే. అంటుకునేదమ్మా అంటే ఆవిడకి తృప్తి, నాకూ తృప్తి. కానీ ఆవిడ మొహం చూసి అబద్ధం రాలేదు.

"తెలియదమ్మా."

"తెలియకుండానే నా చేతిలో దీపం ఆర్పారా?"

"తెలియకనే ఆర్పానమ్మా. తెలిసేదాకా ఆగితే మీ కొంగు పట్టుకుని పాప ఉంది."

గుంటూరు బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కుతున్నారు. నేను లేచాను. అప్పుడు ఆవిడ నా వైపు చూడకుండానే అంది.

"ఈ మాట మా ఆయనతో ఎప్పుడూ అనకండి. కచ్చితంగా అంటుకునేదని, మనవరాలు దక్కింది మీ వల్లేనని నేను రోజూ ఆయనతో పోట్లాడుతున్నాను. ఇప్పుడిప్పుడే నమ్ముతున్నాడు."

అననమ్మా అన్నాను. అందుకే ఆ ఊరి పేరు గాని, ఆ ఇంటాయన పేరు గాని ఇక్కడ రాయలేదు.